ముందు మీరు బ్యాటు పట్టండి

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి మామయ్య ఆశీస్సులు.

పిల్లలిద్దరినీ షటిల్ అకాడమీలో చేర్చాలా అని అడిగావు. చేర్చవచ్చు, తొందరేమీ లేదు. ముందు నువ్వూ మీ ఆయనా బ్యాటు పట్టండి. పెద్దవాళ్లు సోఫా దిగకుండా పిల్లల్ని మాత్రం ఆటకు తోలితే అది వాళ్లకు ఇంకో ట్యూషన్.

మీ సెల్లార్‌లో మాత్రం వద్దు. లేపి కొట్టిన ప్రతి షటిలూ పైకప్పుకు తగులుతుంది, కార్ల వాళ్లతో గొడవ అదనం. పొద్దున్నే గాలి లేవకముందు పార్కులో తాడు కట్టుకోండి. అసలు నెట్ మధ్యలో 1.524 మీటర్లు, అంటే ఐదడుగులు ఉంటుంది. ఎనిమిదేళ్ల వాడి తల కూడా కనబడదు, కాబట్టి ఒక అడుగు దించండి. ఈకల షటిల్ కొనకు. 16 ఈకలు, ఐదు గ్రాముల చిల్లర బరువు. చిరుగాలికే దారి తప్పుతుంది, నాలుగు గట్టి దెబ్బలకు ఈకలు విరుగుతాయి. మధ్యరకం వేగానికి నీలం పట్టీ ఉన్న నైలాన్ షటిల్ తీసుకో. మా కాలంలో పసుపు ఉన్ని బంతితో ఆరుబయటే బాల్ బ్యాడ్మింటన్ ఆడేవాళ్లం, ఇటు ఐదుగురు, అటు ఐదుగురు. టీవీలో రాని ఆట కనుక ఇప్పుడు దాని ఊసే ఎవరికీ పట్టదు. సరే, అది వదిలెయ్.

పిల్లాడి సంతోషం కోసం కావాలని ఓడిపోకు. వాళ్లు ఇట్టే కనిపెడతారు, ఆ తరువాత నిజంగా గెలిచినా నమ్మరు. 21 పాయింట్ల ఆటలో వాడికి ముందే పది ఇచ్చి, నువ్వు సున్నా నుంచి గట్టిగా ఆడు. వాడు గెలిచేకొద్దీ ఆ పదిని తగ్గిస్తూ రా. స్కోరు మీ అత్తగారికి అప్పగించు. ఆవిడ లెక్క దగ్గర మీ ఆయన వాదన కూడా సాగదు.

ఇంటికి వచ్చే దారిలో మాత్రం ఆట గురించి మీ అంతట మీరు ఎత్తకండి. ‘ఆ సర్వీసు అలా వేసి ఉంటే’ అనే మాట స్కూటర్ మీద వినడం పిల్లలకు పరమ చిరాకు.

కొన్నాళ్లు ఆడాక మ్యాచ్ చూడటం మారిపోతుంది. అప్పటిదాకా షటిల్ వెంట తిరిగిన కళ్లు ఆటగాళ్ల పాదాల మీదికి వెళతాయి. మొదట డబుల్స్ చూపించు. మన అమలాపురం కుర్రాడు సాత్విక్, అతని జోడీ చిరాగ్ స్మాష్‌లు కొట్టేటప్పుడు ఒకరి వెనుక ఒకరుగా, కాచుకునేటప్పుడు పక్కపక్కన ఎలా సర్దుకుంటారో పిల్లలనే కనిపెట్టనీ. పురుషుల జట్ల ప్రపంచ పోటీ అయిన థామస్ కప్ 2022 ఫైనల్లో ఇండోనేషియా జోడీకి మొదటి గేమ్ పోగొట్టుకుని, రెండో గేమ్‌లో ఇంకొక్క పాయింటు పోతే ఓటమే అన్న మ్యాచ్ పాయింట్లు కాచుకుని గెలిచిన ఆట అందుకు బాగుంటుంది.

ఓడిన మ్యాచ్‌లు కూడా చూపించు. 2016 రియో ఒలింపిక్స్ ఫైనల్లో సింధు మొదటి గేమ్ 21-19తో గెలిచి, తరువాతి రెండూ స్పెయిన్ అమ్మాయి మారిన్‌కు పోగొట్టుకుంది. చివరి పాయింట్ పడగానే టీవీ కట్టేసే అలవాటు మీ ఇంట్లో ఉంది, నేను చూశాను. ఆ రోజు కట్టేసినవాళ్లు, కోర్టు మీద పడి ఏడుస్తున్న మారిన్ దగ్గరికి సింధు వెళ్లి కౌగిలించుకోవడం చూడలేకపోయారు. నాకైతే ఆ మ్యాచ్‌లో అన్నిటికన్నా గుర్తున్నది అదే.

ఇంకొకటి. సింధు తల్లిదండ్రులిద్దరూ వాలీబాల్ క్రీడాకారులు. తండ్రి రమణ 1986 సియోల్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టులో ఆడారు. అయినా అమ్మాయి షటిల్ పట్టుకుంటే సరే అన్నారు. రేపు మీ పెద్దది కబడ్డీ అన్నా, చదరంగం అన్నా మొహం మాడ్చకు. అకాడమీ ఫీజు మాట అప్పుడు ఆలోచిద్దాం. ఈలోగా నీ బ్యాటు గ్రిప్ మార్పించు. ఫోటోలో చూస్తే అరిగి జారిపోయేలా ఉంది.

ఇట్లు,
మీ మామయ్య