బాయిలర్ ప్రెషర్ పడిపోతోంది, రోజూ నీళ్లు నింపొచ్చా?

ప్రశ్న: రెండేళ్ల కిందట ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో పాత ఇల్లు కొన్నాం. కాంబి బాయిలర్ (గదుల్లో రేడియేటర్లకీ, ట్యాపులకీ వేణ్నీళ్లు ఒక్కటే ఇస్తుంది), ఎనిమిది రేడియేటర్లు. ఈ చలికాలం పొద్దున లేచి చూస్తే ప్రెషర్ ముల్లు 0.5 దగ్గర ఉంటోంది. కింద ట్యాపు తిప్పి 1.2కి తెస్తున్నాను, హీటింగ్ వేసిన అరగంటకే 3 దాకా ఎగబాకుతోంది, తెల్లారేసరికి మళ్లీ 0.5. మెకానిక్ బాయిలర్ మార్చేయమన్నాడు. పైగా మేడ మీద ఒక రేడియేటర్ పైసగం, హాల్లోది కిందిసగం చల్లగా ఉంటున్నాయి. పాపకి ఏడు నెలలండీ, చాలా టెన్షన్‌గా ఉంది.
- ఒక పాఠకురాలు, లీడ్స్

జవాబు: ముందు ఆ ట్యాపు రోజూ తిప్పడం ఆపాలండీ. పాపని చలిలో ఉంచమని కాదు, బాయిలర్ ఆగిపోతే చల్లగా ఉన్నప్పుడు 1 వరకే నింపండి, అదీ మెకానిక్ వచ్చేదాకానే. మీ రేడియేటర్లు ఉక్కువి. ఒకసారి నింపి వదిలేస్తే ఆ నీళ్లలోని ఆక్సిజన్ కొన్నాళ్లకి అయిపోయి తుప్పు దాదాపు ఆగిపోతుంది. రోజూ కొత్త నీళ్లు పోస్తే తుప్పుకి రోజూ మేత వేసినట్టే. హాల్లో రేడియేటర్ కింద చల్లగా ఉందన్నారే, అడుగున నల్ల బురదలా పేరుకున్నది బహుశా ఆ తుప్పే.

ఇక అసలు జబ్బు. వంద లీటర్ల నీళ్లు 10 డిగ్రీల నుంచి 70కి వేడెక్కితే రెండు లీటర్లకు పైగా పెరుగుతాయి. ఆ పెరిగిన నీళ్లకి చోటివ్వడానికే ఎక్స్‌పాన్షన్ వెసెల్ ఉంటుంది, మీలాంటి కాంబిల్లో చాలావాటికి లోపలే. మధ్యలో రబ్బరు పొర, ఒక పక్క నీళ్లు, ఇంకో పక్క గాలి. గాలి పోతే నీళ్లకి చోటు లేక ముల్లు 3కి పోతుంది, అక్కడ సేఫ్టీ వాల్వ్ తెరుచుకుని నీళ్లు బయటికి వదిలేస్తుంది, చల్లారాక ప్రెషర్ పడిపోతుంది. మీరు రాసిన లక్షణాలు అచ్చం ఇవే. బాయిలర్ వెనక గోడ బయట సన్నని రాగి గొట్టం కనిపిస్తుంది, దాని కింద రాత్రి ఖాళీ ఐస్‌క్రీమ్ డబ్బా పెట్టండి. పొద్దునకి నీళ్లుంటే (వాన నీళ్లు కాకపోతే) అనుమానం తీరినట్టే. డబ్బా పొడిగా ఉంటే రేడియేటర్ వాల్వుల దగ్గర ఆకుపచ్చగా, తెల్లగా పొక్కు కట్టిందేమో టార్చ్ వేసి చూడండి, లీకు అక్కడ ఉండొచ్చు.

బాయిలర్ మూత మాత్రం మీరు విప్పొద్దు. గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో (గ్యాస్ పనికి అనుమతి ఉన్న మెకానిక్‌ల అధికారిక జాబితా) ఉన్నవాళ్లనే పిలిచి, సిస్టమ్‌లో నీటి ప్రెషర్ సున్నాకి దించి వెసెల్‌లో గాలి చూడమనండి. దానికి కారు టైరుకున్నట్టే వాల్వ్ ఉంటుంది. పిన్ను నొక్కితే నీళ్లొస్తే రబ్బరు చిరిగింది, వెసెల్ మార్చాలి. నీళ్లు రాకపోతే గాలి నింపితే చాలు, కంపెనీ పుస్తకంలో ఎంతుంటే అంత. లోపలి వెసెల్ తీయడం కష్టమంటే రిటర్న్ పైపు (రేడియేటర్ల నుంచి బాయిలర్‌లోకి నీళ్లు తిరిగొచ్చేది) మీద విడిగా ఇంకొకటి పెట్టించుకోవచ్చు, నేనైతే అదే చేయిస్తాను. రోజూ తెరుచుకున్న సేఫ్టీ వాల్వ్ చాలాసార్లు మళ్లీ గట్టిగా మూసుకోదు, దాన్నీ అదే రోజు మార్పించండి.

మేడ మీద రేడియేటర్లో ఉన్నది గాలి. హీటింగ్ ఆపి, చల్లారాక, కింద గుడ్డ పట్టుకుని రేడియేటర్ పైమూల ఉన్న గాలి వదిలే వాల్వ్‌ని బ్లీడ్ తాళంచెవితో పావు వంతు తిప్పండి, స్‌స్‌మని గాలి పోయి నీటిచుక్క రాగానే బిగించేయండి. ఈ పని వెసెల్ బాగయ్యాకే చేయండి, ఎందుకంటే తర్వాత ప్రెషర్ కొంచెం తగ్గి మళ్లీ నింపాల్సొస్తుంది. హాల్లోదానికి బురద కడిగించడమే మందు. కడిగాక ఇన్హిబిటర్ (తుప్పు పట్టకుండా నీళ్లలో కలిపే మందు) పోయించి, ఆ రిటర్న్ పైపు మీదే తుప్పుని అయస్కాంతంతో పట్టే మ్యాగ్నెటిక్ ఫిల్టర్ పెట్టించండి. దాన్ని ఏటా సర్వీసులో తెరిచి కడగమనండి, లేకపోతే పెట్టించీ లాభం లేదు.

రిపేరయ్యాక వారం రోజులు పొద్దున్నే, హీటింగ్ వేయకముందు ముల్లుని ఫొటో తీయండి. 1.2 దగ్గరే నిలబడితే బాయిలర్ మార్చే మాట పక్కన పెట్టేయొచ్చు.