ఆటగాడిపై ఫిర్యాదు: టోర్నమెంటు అయ్యేదాకా ఆగాలా?

ప్రశ్న: తిరుపతిలోని ఒక విశ్వవిద్యాలయంలో చదువుతున్న మా చెల్లెలిపై అక్కడి జట్టు ఆటగాడొకడు లైంగిక దాడి చేశాడు. అంతర్ విశ్వవిద్యాలయ పోటీలు అయ్యేదాకా ఆగమని పెద్దలు అంటున్నారు. ఏం చేయాలి?
– ఒక అక్క, తిరుపతి

జవాబు: ఆగవద్దమ్మా. మీ చెల్లెలికి న్యాయం చేయడానికి పోటీల తేదీలతో సంబంధం లేదు. యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2015 నిబంధనల ప్రకారం ప్రతి విశ్వవిద్యాలయంలోనూ అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండాలి. ఘటన జరిగిన 3 నెలలలోగా రాతపూర్వకంగా ఫిర్యాదు ఇస్తే, కమిటీ 90 రోజులలో విచారణ ముగించాలి. నేరం రుజువైతే నిందితుడిని హాస్టల్ నుంచి, ప్రాంగణం నుంచి దూరంగా ఉంచడమే కాక, విశ్వవిద్యాలయం నుంచే బహిష్కరించవచ్చు. ఎన్ని పతకాలు తెచ్చిన వాడైనా ఇందులో మినహాయింపు లేదు. రాజీ ప్రయత్నమైనా మీ చెల్లెలు కోరితేనే జరగాలి, అందులో డబ్బు ప్రసక్తి ఉండకూడదు.

అయితే దాడి నేరం కనుక కమిటీతో సరిపెట్టుకోకండి. ఘటన ఏ స్టేషన్ పరిధిలో జరిగినా సరే, ఏ పోలీస్ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్‌ఐఆర్ నమోదు చేయించవచ్చు. తిరుపతిలోని రుయా ప్రభుత్వ ఆసుపత్రితో సహా ఏ ఆసుపత్రి అయినా అత్యాచార బాధితురాలికి ఉచితంగా ప్రథమ చికిత్స అందించాల్సిందే. ఆధారాలు చెరిగిపోకముందే వెళ్లడం చాలా ముఖ్యం.

జట్టు పరువు కోసం ఫిర్యాదులను తొక్కిపెట్టే ధోరణి ఇక్కడే పుట్టింది కాదు. అమెరికాలోని బేలర్ విశ్వవిద్యాలయం ఫుట్‌బాల్ ఆటగాళ్లపై వచ్చిన ఆరోపణలను సరిగా పట్టించుకోలేదని తేలాక, 2016లో ప్రధాన కోచ్ ఆర్ట్ బ్రైల్స్, అధ్యక్షుడు కెన్ స్టార్ ఇద్దరూ పదవులు కోల్పోయారు. మిమ్మల్ని ఆగమన్నవారి మాటలను తేదీలతో సహా రాసి ఫిర్యాదుకు జతచేయండి.