యుద్ధం ఆగగానే ఎన్నికలు పెట్టేయొచ్చా? – సమాధానం

తమ్ముడూ, గ్రూప్స్ వ్యాసంలో ‘యుద్ధం ముగియగానే ఎన్నికలు పెడితే ప్రజాస్వామ్యం వచ్చినట్టేనా’ అన్న చోట ఆగిపోయానని రాశావు. టెన్షన్ వద్దు. ఆఫ్రికా దేశం అంగోలాతో మొదలుపెట్టు. 1992లో అక్కడ ఓటింగ్ జరిగేనాటికి ప్రభుత్వం, తిరుగుబాటుదారులు ఇరుపక్షాల చేతుల్లోనూ తుపాకులున్నాయి. ఓట్లలో వెనకబడిన తిరుగుబాటు నాయకుడు సవింబి ఫలితాన్ని ఒప్పుకోలేదు. యుద్ధం మళ్లీ రాజుకుంది, 2002 దాకా పూర్తిగా ఆగలేదు.

జర్మనీ దారి వేరు. 1945లో ఓడాక, అమెరికా ఆధీనంలోని ప్రాంతంలో 1946లో ముందు ఊళ్ల స్థాయి ఎన్నికలు జరిగాయి. పశ్చిమ జర్మనీ పార్లమెంటు ఎన్నికలు 1949లో.

మన ఆమదాలవలస వైపు పల్లెల్లో చూడు, సర్పంచ్‌గా ఓడినవాడూ మర్నాడు అదే చెరువు నీళ్లతో పొలం తడుపుకోవాలి. ఓడినా ప్రాణానికి, పొలానికి భయం లేదన్న నమ్మకమే అసలు పునాది. నేనైతే సగం వ్యాసం దీనికే ఇస్తాను, విదేశీ సాయానికి రెండు వాక్యాలు చాలు. రాసి ఇక్కడే పెట్టు, తప్పకుండా చూస్తాను.