మీటర్‌లో 12.7 చూపిస్తుంటే బ్యాటరీ బాగున్నట్టేనా?

ప్రశ్న: మా ఇన్వర్టర్‌కి 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ ఉంది, కొని నాలుగేళ్లు దాటింది. ఇదివరకు కరెంటు పోతే మూడు గంటలు ఆగేది, ఇప్పుడు ఇరవై నిమిషాలకే బీప్ బీప్ అంటోంది. మెకానిక్ మార్చేయమంటున్నాడు. మా అబ్బాయి మీటర్ పెట్టి చూస్తే 12.7 వోల్టులుంది. అత్తయ్యగారికి ఫ్యాన్ లేకపోతే నిద్ర పట్టదు, టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు? – ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: లోడ్ లేనప్పుడు చూసిన వోల్టేజీని నమ్మకండి. చార్జింగ్‌లో ఉండగా చూస్తే 13.7, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే కనిపిస్తుంది, అది చార్జర్ ఇచ్చేదే. ముందు టెర్మినల్స్ (బ్యాటరీ మీద వైర్లు బిగించే చోట్లు) చూడండి, తెల్లగానో పచ్చగానో పొడి పట్టి ఉంటే ఇన్వర్టర్ ఆపి వైర్లు విప్పి, వేడినీళ్లతో కడిగి, తుడిచి గట్టిగా బిగించండి. ఒక్కోసారి జబ్బు అక్కడే ఉంటుంది.

తర్వాత ఫుల్ చార్జ్ చేసి, మెయిన్ ఆపి, రెండు మూడు ఫ్యాన్లు వేసి, మీటర్ వైర్ల కొసలు సరిగ్గా బ్యాటరీ సీసం టెర్మినల్స్ మీదే ఆనించి చూడండి. మంచి బ్యాటరీ 12 పైన నిలబడుతుంది. పోయినేడు మా అమ్మ ఇంట్లో ఇదే చూశాను, మొదట 12.6 ఉన్నది ఐదు నిమిషాల్లో 10.4కి జారిపోయింది.

అసలు గుట్టు విప్పేది హైడ్రోమీటరే, అంటే బ్యాటరీలోని యాసిడ్ చిక్కదనం కొలిచే గాజు గొట్టం. ఆరు మూతలూ తీసి ఒక్కో సెల్‌లో (బ్యాటరీ లోపలి గదిలో) గ్రావిటీ, అంటే ఆ చిక్కదనం, చూడాలి (నీళ్లు పోసిన వెంటనే వద్దు, చార్జింగ్ అయ్యాకే). ఇన్వర్టర్ బ్యాటరీకి ఫుల్ చార్జ్‌లో 1240 అటూఇటూ రావాలి. అమ్మవాళ్ల బ్యాటరీలో ఐదు సెల్స్ బాగానే ఉన్నాయి, మూడోది మాత్రం 1120 దగ్గర ఆగింది. ఆరూ ఒకదాని వెనక ఒకటి కలిపి ఉంటాయి కాబట్టి ఒక్కటి చస్తే మిగతావి ఉన్నా లాభం లేదు. సెల్స్ మధ్య 50 పాయింట్ల తేడా ఉంటే మార్చాల్సిందే. కానీ ఆరూ ఒకేలా తక్కువ ఉంటే డబ్బు తీయకండి, చార్జింగే సరిగా ఎక్కట్లేదేమో, ఒకరోజంతా పెట్టి మళ్లీ చూడండి. మెకానిక్ యాసిడ్ పోస్తానంటే ఒప్పుకోవద్దు, పోయాల్సింది డిస్టిల్డ్ వాటరే, ఆర్‌ఓ నీళ్లు కూడా పనికిరావు.

ఇదంతా చేసేటప్పుడు గాజులు, ఉంగరాలు తీసేయండి, కళ్లద్దాలు, గ్లౌజులు పెట్టుకోండి, కిటికీ తెరవండి, పక్కన అగరొత్తి కూడా వద్దు, చార్జింగ్‌లో హైడ్రోజన్ వస్తుంది. రెండు బ్యాటరీల ఇన్వర్టర్ అయితే రెండూ ఒకేసారి మార్చాలి. పాతది తూకానికి కొనే తుక్కువాడికి ఇవ్వకండి, యాసిడ్ కాలవలో పారబోస్తారు. కొత్తది కొనే షాపులోనే ఇస్తే బిల్లులో తగ్గిస్తారు.