పాపకి ఆడో మగో తెలియని పేరు పెడితే రేపు కాగితాల్లో ఇబ్బందా?

పుట్టిన పాపకి కిరణ్ అని పెడదామనుకుంటున్నామని, చట్టం ఒప్పుకుంటుందా, బయటి దేశాల్లో ఎలా ఉందని అడిగారు. మన దేశంలో ఫలానా పేరు మగవాళ్లదే, ఫలానాది ఆడవాళ్లదే అనే చట్టం లేదు. ఇబ్బందంతా కౌంటర్ల దగ్గరే.

నాకు పొదలకూరులో నెట్ సెంటర్ ఉంది. మా నెల్లూరు జిల్లాలో పెంచలకోన నరసింహస్వామికి మొక్కుకుంటే పెంచలయ్య, పెంచలమ్మ. కసుమూరు దర్గాకి మొక్కుకుంటే మస్తానయ్య, మస్తానమ్మ, హిందువుల ఇళ్లలో కూడా. అసలు పేరు ఎవరికైనా ఒకటే, తోక తగిలించేది మనం.

2022లో ఒక ట్రాన్స్ మహిళ వచ్చింది. కాగితాల్లో పెంచలయ్య. ఎవరి జెండర్ వాళ్లే చెప్పుకోవచ్చు, ఆపరేషన్ చేయించుకోవాలని పట్టుబట్టకూడదని 2014లోనే నల్సా (జాతీయ న్యాయ సేవల సంస్థ) కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. తర్వాత ట్రాన్స్‌జెండర్ల హక్కుల మీద 2019 చట్టం, 2020 నిబంధనలు వచ్చాయి. అప్పటి నిబంధనల ప్రకారం ప్రభుత్వ పోర్టల్‌లో అఫిడవిట్ పెడితే డాక్టర్ పరీక్ష లేకుండా కలెక్టర్ గుర్తింపు సర్టిఫికెట్ ఇవ్వాలి.

కొత్త పేరు గడి దగ్గర ఆగి, "పెంచలమ్మ అని కొట్టనా?" అన్నాను.

"వద్దన్నా. పెంచల. అంతే. మా అవ్వ కోనకి మొక్కుకుని పెట్టిన పేరు, అది నాకు కావాల. అయ్య వద్దు. అమ్మ కూడా ఎందుకులే, నన్ను చూసినోళ్లకి తెలీదా ఏంది?"

సర్టిఫికెట్ వచ్చింది. పాస్‌బుక్‌లో పేరు మార్పించడానికి బ్యాంకుకి తోడు రమ్మంటే వెళ్లాను. ఏ బ్యాంకో చెప్పను.

"పెంచల... తర్వాత?" అన్నాడు కౌంటర్‌లో ఆయన.

"అంతే సార్."

"అంతే అంటే ఎట్లా? అయ్యా, అమ్మా? సిస్టమ్ సగం పేరు తీసుకోదు."

పెంచల అద్దం మీద అతికించిన పేరు చూసింది. "మీ పేరు రమణ అని ఉండాది కదా సార్. అయ్యా, అమ్మా?"

క్యూలో ఒక పెద్దాయన పకపకా నవ్వాడు. పాస్‌బుక్ మాత్రం ఆ రోజు రాలేదు. సర్టిఫికెట్ చూపిస్తే పదిహేను రోజుల్లో మార్చాలన్న నిబంధన ప్రింట్ తీసి మేనేజర్ టేబుల్ మీద పెట్టాకే పని కదిలింది. తీసుకోదన్న సిస్టమ్ మారు మాట్లాడకుండా తీసుకుంది. న్యూమరాలజీ అంటూ పేరులో రెండు అక్షరాలు ఎక్కువ పెట్టుకుని వచ్చేవాళ్లని ఇదే కౌంటర్లలో ఎవరూ ఒక్క మాట అడగరు. నా ఒళ్లు మండేది అక్కడ.

బయటి దేశాలు ఇంతకన్నా సుఖం అనుకోకండి. జర్మనీలో భారతీయ మూలాలున్న ఒక కుటుంబం కూతురికి పెట్టుకున్న పేరేంటో తెలుసా? కిరణ్! ఆడో మగో తెలియట్లేదు, తెలిసేలా ఇంకో పేరు కలపమన్నారు అధికారులు. పేరు చూడగానే అది తెలిసి తీరాలనే చట్టం లేదని 2008లో రాజ్యాంగ న్యాయస్థానం చెప్పాల్సి వచ్చింది. అదే జర్మనీలో 2024 నవంబర్ నుంచి పేరు, జెండర్ మార్పు రిజిస్ట్రార్ దగ్గర ప్రకటనతో అయిపోతోంది. అర్జెంటీనా 2012లోనే జడ్జి, డాక్టర్ అక్కర్లేదంది. ఐస్‌లాండ్‌లో పేర్ల కమిటీ ఉంది. 'బ్లైర్' మగపేరంటూ ఒప్పుకోకపోతే, ఆ పిల్లని 2013లో కోర్టు తీర్పు వచ్చేదాకా ప్రభుత్వ కాగితాల్లో ఉత్త 'అమ్మాయి' అని రాశారు. 2019 చట్టంతో అక్కడ పేర్లకి ఆడామగా అడ్డు పోయింది. నన్నడిగితే, ఫారంలో జెండర్ గడి విడిగా ఉన్నప్పుడు అదే సంగతి పేరు కూడా చెప్పాలనడం ఉత్త చాదస్తం, ఏ దేశంలోనైనా.

మీ పాపకి కిరణ్ అని నిక్షేపంగా పెట్టుకోండి. కాకపోతే ఆధార్ తీయించేటప్పుడు ఆపరేటర్ పేరు వినగానే 'పురుషుడు' నొక్కేస్తాడు. రసీదు చేతికివ్వగానే అక్కడే నిలబడి చదవండి. ఆధార్‌లో పేరు రెండుసార్లు మార్చుకోనిస్తారు, జెండర్ ఒక్కసారే.