టోర్నడో సినిమాల్లో నిజమెంత, మసాలా ఎంత?

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో సగం టోర్నడోల మీదే, అంటే ఉరుముల మబ్బు నుంచి నేల దాకా దిగే సుడిగాలి మీద. 2024లో వచ్చిన ట్విస్టర్స్ చూసి కొందరు, దాని ముందుది 1996 నాటి ట్విస్టర్ ఎప్పుడో టీవీలో చూసిన గుర్తుతో కొందరు రాశారు. ఒకేలాంటివి కలిపేసి జవాబు ఇస్తున్నా.

ప్రశ్న (గుంటూరు నుంచి): స్టార్మ్ ఛేజర్లని నిజంగానే ఉంటారా అండీ? సినిమాలో అయితే రోజుకి నాలుగైదు టోర్నడోలు కనపడతాయి, కారేసుకుని తిన్నగా దాని కిందకే పోతారు. అంత ఈజీగా దొరుకుతాయా?

జవాబు: ఉంటారండీ. అమెరికాలో ఓక్లహోమా, కాన్సస్, టెక్సస్, నెబ్రాస్కా రాష్ట్రాల వైపు ఏప్రిల్ నుంచి జూన్ దాకా వాళ్ళకి సీజన్. అందులో సైంటిస్టులు కొందరు, వీడియోల కోసం తిరిగేవాళ్ళు కొందరు, డబ్బులు కట్టి టూర్‌కి వచ్చేవాళ్ళు కూడా ఉన్నారు. సినిమాలో చూపించనిది వెయిటింగ్. పొద్దున్నే లేచి ఓక్లహోమాలోని నార్మన్‌లో ఉన్న స్టార్మ్ ప్రిడిక్షన్ సెంటర్ వాళ్ళ ఫోర్‌కాస్ట్ చూస్కుని, తేమ ఎంతుంది, కింద గాలి ఎటు పైన గాలి ఎటు అని లెక్కలేసుకుని, వందల కిలోమీటర్లు డ్రైవ్ చేసి, ఏదో చిన్న ఊళ్ళో పెట్రోల్ బంకు పక్కన బండి ఆపి చిప్స్ తింటూ మబ్బు ఎప్పుడు లేస్తుందా అని కూర్చుంటారు, సాయంత్రం దాకా చూస్తే ఒక్కోసారి మబ్బే పట్టదు, పట్టినా నాలుగు వడగళ్ళు రాల్చి వెళ్ళిపోతుంది. దాన్ని వాళ్ళు బస్ట్ అంటారు. గిర్రున తిరుగుతూ పైకి లేచే పెద్ద ఉరుముల మబ్బు సూపర్‌సెల్, అలాంటివి కూడా చాలావరకు టోర్నడో దింపకుండానే పోతాయి. ఒక్క రోజులో బోలెడు రావడం మాత్రం అబద్ధం కాదు, 1974 ఏప్రిల్ 3, 4 తేదీల్లో 148 వచ్చాయి, కాకపోతే అవి పదికి పైగా రాష్ట్రాల్లో పడ్డాయి, ఒకే జీపు ముందు కాదు.

ఇంక ఎదురెళ్ళడం సంగతి. మబ్బు ఈశాన్యం వైపు కదులుతోంది అనుకోండి, బుద్ధున్న ఛేజర్ దానికి ఆగ్నేయం మూల నిలబడతాడు, అక్కడ వాన తక్కువ, చూపు బాగా ఆనుతుంది, తేడా వస్తే దక్షిణానికి జారుకోవచ్చు. మ్యాప్‌లో వాళ్ళు ముందు వెతుక్కునేది తప్పించుకునే రోడ్డు, ఆ తర్వాతే టోర్నడో. అంత జాగ్రత్తగా ఉన్నా 2013 మే 31న ఓక్లహోమాలో ఎల్ రెనో దగ్గర ఏమైందో చూడండి. అక్కడి టోర్నడో 4.2 కిలోమీటర్ల వెడల్పుకి పెరిగింది, ఉన్నట్టుండి దారి మార్చింది, పైగా చుట్టూ వాన తెర కట్టేసి ఉంది కాబట్టి ఎక్కడుందో సరిగ్గా కనపడలేదు. ఫీల్డ్‌లో అందరికంటే జాగ్రత్తగా ఉంటాడని పేరున్న టిమ్ సమారస్, ఆయన కొడుకు పాల్, వాళ్ళతో ఉన్న కార్ల్ యంగ్ ముగ్గురూ దాన్లో చిక్కుకుని పోయారు. సినిమా టోర్నడో ఎప్పుడూ ఫొటో దిగడానికి నిలబడినట్టు నీట్‌గా కనపడుతుంది చూశారా, నాకు అన్నిటికంటే పెద్ద అబద్ధం అదే అనిపిస్తుంది, ట్విస్టర్‌లో గాలికి ఎగిరే ఆవు కూడా కాదు.

ప్రశ్న (తెనాలి నుంచి): పాత సినిమాలో డొరతీ అని ఒక డ్రమ్ము టోర్నడో దారిలో పెడతారు, లోపల్నుంచి సెన్సర్లు పైకి ఎగురుతాయి. ఆ మెషీన్ నిజంగా ఉందా, పూర్తిగా కల్పితమా?

జవాబు: దానికి అసలు ఒకటి ఉంది, పేరు టోటో. అమెరికా వాతావరణ సైంటిస్టులు 1980ల్లో దాన్ని పికప్ ట్రక్కులో వేసుకుని ఓక్లహోమా అంతా తిప్పారు. బాగా బరువున్న డబ్బా అది, టోర్నడో దారిలో దింపి స్విచ్ వేసి పారిపోవాలి. ఒక్కసారి కూడా సరిగ్గా మధ్యలో పడలేదు, 1984లో ఆర్డ్‌మోర్ దగ్గర ఒక టోర్నడో అంచు తగిలితే పక్కకి పడిపోయింది పాపం. 1987లో ఇంక పక్కన పెట్టేశారు. సినిమాలో సాధించింది టోటో సాధించలేదు కానీ ఇందాక చెప్పిన సమారసే వేరే డిజైన్‌తో సాధించాడు, నేలకి అతుక్కున్నట్టు ఉండే పొట్టి శంఖు ఆకారం, ఎత్తు జానెడే. 2003 జూన్ 24న సౌత్ డకోటాలో మాంచెస్టర్ అనే ఊరి దగ్గర దాన్ని పెట్టి వెనక్కొచ్చాడు, టోర్నడో దాని మీద నుంచే పోయింది, గాలి పీడనం ఒక్కసారిగా 100 మిల్లీబార్లు, అంటే మామూలు పీడనంలో దాదాపు పదో వంతు, పడిపోయినట్టు రికార్డయింది. ఆ ఊరు మాత్రం మళ్ళీ లేవలేదు.

ప్రశ్న (వరంగల్ నుంచి): క్లైమాక్స్‌లో హీరో హీరోయిన్ నీళ్ళ పైపుకి బెల్టులతో కట్టేసుకుని ఎఫ్5 అనే అన్నిటికంటే పెద్ద రకం టోర్నడో మధ్యలో నిలబడి బతికేస్తారు కదా సార్, బెల్టు గట్టిదైతే సాధ్యమేనా?

జవాబు: బెల్టు ఎంత గట్టిదైనా లాభం లేదు, ఎందుకంటే చంపేది ఉత్తి గాలి కాదు, గాలిలో కలిసి వచ్చే చెక్కలు, రేకులు, మేకులు, గాజు పెంకులు, ఇసుక. ఆ కేటగిరీలో గాలి గంటకి 320 కిలోమీటర్లు దాటి ఉంటుంది, ఆ స్పీడ్‌లో వచ్చిన చెక్కముక్క గోడలోంచి దూసుకుపోతుంది. నిజంగా తియ్యాలంటే హీరోయిన్ మొహం కూడా మిగలదు, మట్టి కొట్టుకుపోయి ఉంటుంది, అందుకే సినిమాల్లో చెత్తంతా హీరోల పక్కనుంచి మర్యాదగా వెళ్ళిపోతుంది.

ఇంకో చిన్న సంగతి. సినిమాలో దూరం నుంచి చూసి ఇది ఎఫ్3, అది ఎఫ్4 అని అరుస్తుంటారు, అది కుదరదు. ఫుజిటా అనే సైంటిస్టు 1971లో పెట్టిన ఆ ఎఫ్ స్కేలు, 2007 నుంచి అమెరికాలో వాడుతున్న కొత్తది ఈఎఫ్ స్కేలు, రెండూ అయిపోయాక ఎంత నష్టం జరిగిందో చూసి ఇచ్చే రేటింగులే. అందుకే ఎల్ రెనోలో రాడార్ దాదాపు గంటకి 480 కిలోమీటర్ల గాలి కొలిచినా, ఎక్కువగా ఖాళీ పొలాల్లో తిరిగింది కాబట్టి అఫీషియల్‌గా ఈఎఫ్3 అనే రాసుకున్నారు. అన్యాయంగా ఉంది కదా, అక్కడి సైంటిస్టులే దీని మీద కొట్టుకున్నారు.

బెల్టుకంటే డేంజర్ సీన్ మొదట్లో ఉంది, వంతెన కింద దూరి తప్పించుకుంటారు. 1999 మే 3న ఓక్లహోమాలో ఇలాగే ఫ్లైఓవర్ల కింద దాక్కున్నవాళ్ళలో ముగ్గురు చనిపోయారు. ఆ ఇరుకు సందులో గాలి ఇంకా స్పీడందుకుంటుంది, చెత్తంతా అక్కడే వచ్చి కొడుతుంది. పైగా వాళ్ళు ఆపిన కార్లతో రోడ్డు జామై వెనకొచ్చేవాళ్ళు ఇరుక్కుపోతారు.

ప్రశ్న (రాజమండ్రి నుంచి): కొత్త సినిమాలో కెమికల్ చల్లి టోర్నడోని ఆపేస్తారు. సైన్స్ ఇంత పెరిగింది, అది ఎందుకు చెయ్యట్లేదు?

జవాబు: ఆ కెమికల్ నిజమే, సోడియం పాలీఅక్రిలేట్, పిల్లల డైపర్లలో తడి పీల్చుకునేది అదే. సమస్య సైజుతో. మనకి కనపడే సుడి కింది కొస మాత్రమే, పైన పది పదిహేను కిలోమీటర్ల ఎత్తు మబ్బు ఉంటుంది, అది లక్షల టన్నుల నీటిని మోస్తూ చుట్టుపక్కల వెచ్చటి గాలినంతా లాక్కుంటూ ఉంటుంది, నాలుగు ట్రాలీల పౌడర్‌తో దాన్ని ఆపుదామనుకోవడం ఏనుగుని తోక పట్టుకుని ఆపినట్టే. హరికేన్ల మీద ఇలాంటి ప్రయత్నం అమెరికా ప్రభుత్వమే చేసింది, ప్రాజెక్ట్ స్టార్మ్‌ఫ్యూరీ పేరుతో 1962 నుంచి 1983 దాకా సిల్వర్ అయొడైడ్ చల్లి చూశారు, పనిచేసిందని తేలక ఆపేశారు. అదే సినిమాలో బండి నేలలోకి డ్రిల్ దింపి నిలబడుతుంది చూడండి, అది మాత్రం గాలి కబురు కాదు, నేలలోకి మేకులు దింపే కవచం బండ్లు ఛేజర్లు నిజంగానే కట్టుకున్నారు.

ప్రశ్న (అనకాపల్లి నుంచి): మాకు హుద్‌హుద్ వచ్చింది, దానికంటే పెద్దదా ఇది? మన దగ్గర వస్తాయా?

జవాబు: రెండూ వేరే జాతి. హుద్‌హుద్ లాంటి తుఫాను వందల కిలోమీటర్ల వెడల్పు, రోజుల ముందే చెప్తారు, గంటల తరబడి కొడుతుంది. టోర్నడో చాలావరకు పది నిమిషాల్లోపే అయిపోతుంది, వార్నింగ్ కూడా నిమిషాల్లోనే. మన పక్కన బంగ్లాదేశ్‌కి ఇది బాగా తెలుసు, 1989 ఏప్రిల్ 26న అక్కడ ఒక్క టోర్నడోకి దాదాపు 1,300 మంది పోయారు, ప్రపంచంలో అంతకంటే ఘోరమైనది లేదంటారు. మన వైపు అరుదు.

ప్రశ్న (విజయవాడ నుంచి): మా అమ్మాయి వాళ్ళు డల్లాస్‌లో ఉంటారు. మొన్న ఫోన్లో మాట్లాడుతుంటే వెనక సైరన్ మోగింది, ఏం లేదమ్మా టెస్టింగ్ అంది. ఈ సినిమా చూశాక నాకు నిద్ర పట్టట్లేదు.

జవాబు: అమ్మా, అది నిజంగా టెస్టింగే అయ్యుంటుంది, డల్లాస్‌లో నెలలో మొదటి బుధవారం అక్కడి మధ్యాహ్నం పన్నెండింటికి మోగిస్తారు, అంటే మనకి రాత్రి పదిన్నరో పదకొండున్నరో. ఆ సైరన్లు బయట ఉన్నవాళ్ళ కోసం పెట్టినవి, ఏసీ వేసుకుని తలుపులేసుకుని పడుకున్నవాళ్ళకి వినపడకపోవచ్చు. 2019 అక్టోబర్ 20న డల్లాస్‌లో ఈఎఫ్3 పడింది ఆదివారం రాత్రి, చాలామంది టీవీలో ఫుట్‌బాల్ మ్యాచ్ చూస్తున్న టైములో, ఇళ్ళు చాలా పోయినా అదృష్టం కొద్దీ ప్రాణం ఒక్కటి కూడా పోలేదు. అక్కడ ఎక్కువ ఇళ్ళకి సెల్లార్ ఉండదు కాబట్టి కింది ఫ్లోర్‌లో కిటికీ లేని చిన్న గది, బట్టల క్లోజెట్టో మధ్యలో ఉన్న బాత్‌రూమో, అందులో దూరి తలకి పిల్లల సైకిల్ హెల్మెట్ అయినా పెట్టుకోమనండి, కాళ్ళకి బూట్లు కూడా, బయటికొచ్చేటప్పుడు అంతా గాజు పెంకులే ఉంటాయి. టోర్నడో వాచ్ అంటే రావచ్చు అని, వార్నింగ్ అంటే ఎవరికో కనపడింది లేదా రాడార్‌లో దాని జాడ దొరికింది, వెంటనే దూరండి అని. వచ్చే వార్నింగుల్లో చాలావరకు ఉత్తుత్తివే అవుతాయి, ఆ విసుగుతో కొందరు ఫోన్లో ఎమర్జెన్సీ అలర్టులు ఆఫ్ చేసేస్తారు, ఈసారి ఫోన్ చేసినప్పుడు మీ అమ్మాయి ఫోన్లో, అల్లుడుగారి ఫోన్లో కూడా అవి ఆన్‌లో ఉన్నాయో లేదో ఒక్కసారి అడగండి.