అప్పు గడువు 1901కి ఎందుకు వెళ్లింది?

(కంప్యూటర్ ప్రశ్నలు – జవాబులు)

ప్రశ్న: మా ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘంలో అప్పుల లెక్కలు సి భాషలో రాసిన ప్రోగ్రామ్ చూసుకుంటుంది. 32 బిట్ల ఆర్మ్ ప్రాసెసర్ ఉన్న బోర్డు, లినక్స్, సి ప్రోగ్రామ్‌లకు ఆధారమైన లైబ్రరీ గ్లిబ్‌సి 2.36. 15 ఏళ్ల అప్పులకు గడువు తేదీ తప్పుగా పడుతోంది. పరీక్షకోసం, 32 బిట్లలో పట్టే అతిపెద్ద సెకన్ల సంఖ్య 2147483647కి ఒకటి కలిపి, సెకన్లను మన తేదీగా మార్చే లోకల్‌టైమ్ ఫంక్షన్‌తో ముద్రిస్తే 1901 డిసెంబరు 14, తెల్లవారుజామున 2:07:02 అని వచ్చింది. గ్రీనిచ్ ప్రకారం అది 13వ తేదీ రాత్రి 8:45:52. ఐదున్నర గంటలు కలిపితే 2:15:52 రావాలి కదా! కంపైల్ చేసేటప్పుడు ఏ ఆప్షన్లు పెట్టాలి?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: ముందు ఆ 8 నిమిషాల 50 సెకన్ల సంగతి చెబుతాను. అందులో మీ బోర్డు తప్పేమీ లేదు. మన ఐదున్నర గంటల ప్రామాణిక సమయం 1906 జనవరి 1న మొదలైంది. అంతకుముందు రైళ్లు నడిచింది మద్రాసు సమయం మీద. అది గ్రీనిచ్ కంటే 5 గంటల 21 నిమిషాల 10 సెకన్లు ముందు. లైబ్రరీ చదివే టైమ్ జోన్ ఫైలు పేరు ఏషియా/కోల్‌కతా అయినా, 1870 నుంచి 1905 చివరిదాకా అందులో ఉన్నది మద్రాసు సమయమే. 1901 తేదీని 1901 నాటి గడియారంతోనే చూపించిందన్నమాట. ఇంత నిక్కచ్చిగా చరిత్రను దాచిపెట్టినవారి శ్రమకు నేను చేతులెత్తి మొక్కుతాను.

ఇక అసలు జబ్బు. మీ ప్రోగ్రామ్‌లో సమయాన్ని దాచే టైమ్_టి అనే రకం 32 బిట్లు. 1970 జనవరి 1 నుంచి సెకన్లు లెక్కపెడుతూ పోతే, మన సమయం ప్రకారం 2038 జనవరి 19 ఉదయం 8:44:07కి ఆ గిన్నె నిండిపోతుంది. తర్వాతి సెకనుకు లెక్క ఒక్కసారిగా అతిచిన్న రుణ సంఖ్యకు తిరిగిపోతుంది. అంటే 1970కి వెనకనున్న 1901కి. 2038 ఇంకా దూరమేనని ఊరుకోవడానికి లేదు. 2023 జనవరి 19 తర్వాత మీరిచ్చిన ప్రతి 15 ఏళ్ల అప్పూ ఆ గీత దాటేసింది.

64 బిట్ల సమయానికి కావలసిన సిస్టమ్ కాల్స్ (ప్రోగ్రామ్‌లు లినక్స్ గుండెకాయ అయిన కెర్నల్‌ను పనులు అడిగే దారులు) 2019లో లినక్స్ కెర్నల్ 5.1తోనే 32 బిట్ల యంత్రాలకు వచ్చాయి. గ్లిబ్‌సిలో ఆ సదుపాయం 2021 ఆగస్టులో వెలువడిన 2.34తో వచ్చింది. మీది 2.36 కాబట్టి లైబ్రరీ మార్చే పని లేదు, అడగడమే తరువాయి. ఎలా కంపైల్ చేయాలో రాసి ఉండే మేక్‌ఫైల్‌లో, కంపైలర్ ఆప్షన్లుండే సీఫ్లాగ్స్ వరుసకు ఈ రెండూ చేర్చండి: -డి_టైమ్_బిట్స్=64, -డి_ఫైల్_ఆఫ్‌సెట్_బిట్స్=64. ఇక్కడ తెలుగు లిపిలో ఇస్తున్నాం, మీరు మాత్రం అన్నీ ఇంగ్లిషు పెద్దక్షరాల్లో కొట్టాలి. రెండోది లేకుండా మొదటిది పెడితే హెడర్ ఫైలే ఎర్రర్ చూపి కంపైలర్‌ను ఆపేస్తుంది.

ఆప్షన్లు మార్చాక కంపైలర్ ఇదివరకు తయారుచేసిన పాత ఆబ్జెక్ట్ ఫైళ్లన్నీ తుడిచేసి మొదటినుంచి కంపైల్ చేయండి. ఈ మాట గట్టిగా చెబుతున్నాను. మేక్‌ఫైల్ మారినంత మాత్రాన పాత ఫైళ్లను మళ్లీ కంపైల్ చేయాలని, దాన్ని చదివి పని నడిపే మేక్ ప్రోగ్రామ్‌కు తోచదు. ఒక ఫైలు 32 బిట్ల టైమ్_టితో, ఇంకొకటి 64 బిట్లతో ఉన్నా, వాటిని కలిపే లింకర్ కిమ్మనదు. ప్రోగ్రామ్ నడుస్తుంది, అంకెలు తప్పుతాయి. బయటినుంచి తెచ్చిన లైబ్రరీ ఏదైనా తన స్ట్రక్చర్లలో (కొన్ని విలువలను కలిపి దాచే కట్టల్లో) టైమ్_టి వాడుతుంటే దాన్నీ ఇవే ఆప్షన్లతో కంపైల్ చేసుకోవాలి. టైమ్_టి సైజు 8 బైట్లు కాకపోతే కంపైల్ ఆగిపోయేలా ప్రతి ఫైలులో ఒక స్టాటిక్ అసర్ట్ పెట్టుకోండి. సమయాన్ని ముద్రించే చోట 64 బిట్ల లాంగ్ లాంగ్ రకానికి మార్చి %ఎల్‌ఎల్‌డి (ఇది ఇంగ్లిషు చిన్నక్షరాల్లో) వాడండి. %ఎల్‌డి ఇక పనికిరాదు.

నాకు అన్నిటికంటే భయం మీ పాత రికార్డుల గురించి. సభ్యుడి నంబరు 4 బైట్లు, గడువు 4, మొత్తం 4 చొప్పున 12 బైట్ల స్ట్రక్చర్‌ను ఉన్నదున్నట్టు ఫైల్లోకి రాశారనుకుందాం. కొత్త కంపైల్‌లో ఆర్మ్ మీద అదే స్ట్రక్చర్ 24 బైట్లవుతుంది. గడువు 8 బైట్లయ్యి, దాన్ని ఎనిమిదో బైటు దగ్గర మొదలుపెట్టడానికి ముందొక ఖాళీ, చివర ఇంకొక ఖాళీ వస్తాయి. పాత ఫైలును అలాగే చదివితే ఒకరి అప్పు ఇంకొకరి ఖాతాలో కనబడుతుంది. అందుకే పాత ప్రోగ్రామ్‌తోనే రికార్డులన్నీ మామూలు టెక్స్ట్‌గా బయటికి తీసి, ఆ తర్వాతే కొత్తది ఎక్కించండి.

అడగకపోయినా ఇంకొకటి. గడువును సెకన్లతో కట్టకండి. 2025 జూన్ 15న ఇచ్చిన అప్పుకు 15 సార్లు 365 రోజులు కలిపితే 2040 జూన్ 11 వస్తుంది. 2028, 2032, 2036, 2040 – నాలుగు ఫిబ్రవరి 29లు మధ్యలో ఉన్నాయి. రైతుకు నాలుగు రోజుల గడువు ఊరికే పోతుంది. తేదీని సంవత్సరం, నెల, రోజుగా విడదీసి దాచే స్ట్రక్ట్ టిఎంలో సంవత్సరానికి 15 కలిపి, తేదీని సరిచేసే మేక్‌టైమ్ ఫంక్షన్‌కు ఇవ్వండి, ఫైల్లో సంవత్సరం, నెల, రోజు అంకెలుగా దాచండి. గడువు అంటే తేదీ, సెకన్ల మూట కాదు.

ప్రశ్న: టైమ్ జోన్ కోడ్‌ను నేనే కంపైల్ చేసి ప్రాజెక్టు బోర్డులో పెట్టాను. ఇంటర్నెట్ నుంచి సమయం సరిగ్గానే తీసుకుంటోంది, కానీ చూపించేటప్పుడు 27 సెకన్లు వెనకబడుతోంది.
– పాలిటెక్నిక్ విద్యార్థిని, నిజామాబాద్

జవాబు: మేక్‌ఫైల్‌లో రీడూ అన్న వరుస చూడమ్మా. అక్కడ రైట్_ఓన్లీ (right_only) అని ఉండి ఉంటుంది. ఆ ఆప్షన్ లీప్ సెకన్లను (భూమి తిరుగుడుకు గడియారాన్ని సరిపెట్టడానికి అప్పుడప్పుడు చేర్చే అదనపు సెకన్లను) కూడా లెక్కలోకి తీసుకునే ఫైళ్లను తయారుచేస్తుంది. 1972 నుంచి చేర్చినవి 27. చివరిది మన దగ్గర 2017 జనవరి 1 ఉదయం 5:29:60గా వచ్చింది. ఇంటర్నెట్ నుంచి నీ బోర్డుకు వచ్చే సంఖ్యలో అవి ఉండవు. లేనివాటిని లైబ్రరీ తీసేస్తోంది, అందుకే ఆ వెనకబాటు. లీప్ సెకన్లను లెక్కించని పోసిక్స్_ఓన్లీ (posix_only) అని మార్చి జోన్ ఫైళ్లను మళ్లీ ఇన్‌స్టాల్ చెయ్యి. నీ ప్రోగ్రామ్‌ను తిరిగి కంపైల్ చేయనక్కర్లేదు గానీ ఒకసారి ఆపి మొదలుపెట్టు. నడుస్తున్న ప్రోగ్రామ్ జోన్ ఫైలును మొదట్లో చదివి, అదే గుర్తుపెట్టుకుని ఉంటుంది.